రెడ్ రమ్: గ్రాండ్ నేషనల్ మూడుసార్లు గెలిచిన గుర్రం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ నగరం అంచున ఏన్‌ట్రీ అనే రేసుకోర్సు ఉంది. అక్కడ ఏడాదికోసారి గ్రాండ్ నేషనల్ జరుగుతుంది. గుర్రప్పందేల ఊసే పట్టనివాళ్లు కూడా ఆ ఒక్క రోజు టీవీ ముందు కూర్చుంటారు. ఆ రేసును రెడ్ రమ్ 1973, 1974, 1977లో గెలిచింది. మధ్యలో 1975, 1976లో రెండో స్థానంలో వచ్చింది. వరసగా ఐదేళ్లు పరుగెత్తి, రెండో స్థానం కంటే కిందికి దిగలేదు. ఇలాంటి రికార్డు మరో గుర్రానికి లేదు.

ఈ గుర్రం గురించి మనవాళ్లు అడిగే ప్రశ్నలకు తెలిసినంతవరకు వివరంగా జవాబులు రాస్తున్నాను. కొన్నిటికి రెండు మాటలు చాలు. కొన్నిటి దగ్గర మాత్రం ఆగి చెప్పాలి.

స్టీపుల్‌చేజ్ అంటే ఏమిటి? మన మలక్‌పేటలో జరిగేవి కూడా ఇవేనా?

కావు. హైదరాబాద్ మలక్‌పేటలో మనం చూసేవి ఫ్లాట్ రేసులు. చదునైన ట్రాక్ మీద కిలోమీటరు నుంచి రెండు మూడు కిలోమీటర్ల దాకా పరుగు, మధ్యలో అడ్డంకులేమీ ఉండవు. స్టీపుల్‌చేజ్‌లో దారి పొడవునా ఎత్తయిన కంచెలు, కొన్నిచోట్ల కంచె ముందో వెనకో గోతులు, నీళ్ల మడుగు ఉంటాయి. గుర్రం అన్నీ దూకుతూ పోవాలి. దూరం కూడా ఎక్కువే, మామూలుగా రెండు మైళ్లకు తగ్గదు.

ఈ ఆట పుట్టింది ఐర్లాండ్‌లో. 1752లో కార్క్ జిల్లాలో ఇద్దరు పెద్దమనుషులు బట్టవంట్ చర్చి నుంచి డొనెరైల్ చర్చి దాకా ఎవరు ముందు చేరతారో చూద్దామని గుర్రాల మీద పందెం వేసుకున్నారట. దూరంగా కనిపించే చర్చి శిఖరమే గురి. మధ్యలో వాగు వచ్చినా, రాతిగోడ వచ్చినా దూకాల్సిందే. నేటికీ ఐర్లాండ్, బ్రిటన్‌లలో ఈ పందేలకు ఉన్న ఆదరణ ఇంకెక్కడా లేదు.

గ్రాండ్ నేషనల్ అంత కష్టమా?

రెడ్ రమ్ కాలంలో దూరం దాదాపు నాలుగున్నర మైళ్లు, అంటే ఏడు కిలోమీటర్ల పైమాట. మొత్తం 16 కంచెలు. వాటిలో 14 కంచెలను రెండేసి సార్లు, మిగిలిన రెండింటిని ఒక్కోసారి దూకాలి. మొత్తం 30 దూకుళ్లు. కంచెల పైన పచ్చటి స్ప్రూస్ కొమ్మలు కప్పుతారు కాబట్టి టీవీలో మెత్తటి పొదల్లా కనిపిస్తాయి. ఆ రోజుల్లో లోపల ఉన్నది గట్టి కలప.

కొన్ని కంచెలకు పేర్లు కూడా ఉన్నాయి. బీచర్స్ బ్రూక్ దగ్గర దూకేముందు ఉన్న నేల కంటే దిగే చోటు నేల పల్లంగా ఉంటుంది. గాల్లోకి లేచాక గానీ కింద నేల ఎంత దూరంలో ఉందో గుర్రానికి తెలియదు. కెనాల్ టర్న్ దూకిన వెంటనే ఎడమకు దాదాపు లంబకోణంలో తిరగాలి. అన్నిటికంటే ఎత్తయిన చెయిర్ 5 అడుగుల 2 అంగుళాలు ఉంటుంది, దాని ముందు ఆరడుగుల వెడల్పు గొయ్యి. ఇవన్నీ దాటి ఆఖరి కంచె దూకితే రేసు అయిపోదు. గెలుపు గీత అక్కడికి ఇంకా 494 గజాలు. ఆ 494 గజాల సంగతి 1973 దగ్గర మళ్లీ చెబుతాను.

రెడ్ రమ్ ఎక్కడ పుట్టింది?

1965 మే 3న ఐర్లాండ్‌లోని కిల్కెన్నీ జిల్లాలో, రోసెనారా స్టడ్‌లో, అంటే గుర్రాలను పుట్టించి పెంచే కేంద్రంలో పుట్టింది. తల్లి పేరు మారెడ్, తండ్రి కోరమ్. ఇంగ్లిష్‌లో ఈ రెండు పేర్ల చివరి మూడేసి అక్షరాలు కలిపి పిల్లకు పేరు పెట్టారు. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు వేలంలో 400 గినీలకు అమ్ముడైంది. గినీ అంటే పౌండు మీద మరో 5 పెన్నీలు అనుకోండి. రేసు గుర్రానికి అది చాలా చవక.

మొదటి నుంచీ దూకే గుర్రంగానే పెంచారా?

లేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే వింతగా అనిపించేది ఇదే. మామూలుగా స్టీపుల్‌చేజ్ గుర్రాన్ని తొందరపెట్టరు. నాలుగైదేళ్లు వచ్చాక ముందు కంచెల్లేని చిన్న రేసుల్లో అలవాటు చేస్తారు. తర్వాత ఒకటి రెండు సీజన్లు హర్డిల్స్, అంటే తగిలితే వంగే తేలికపాటి అడ్డంకులు దూకిస్తారు. ఆ తర్వాతే పెద్ద కంచెల దగ్గరికి తీసుకొస్తారు. ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య అది మంచి ఊపులో ఉంటుంది. ఫ్లాట్ రేసుల్లో పేరు తెచ్చుకున్న మగ గుర్రాలు మూడు నాలుగేళ్లకే సంతానం కోసం స్టడ్‌కు వెళ్లిపోతాయి. దూకే గుర్రాలు చాలావరకు వృషణాలు తీసేసిన గెల్డింగులు. వాటికి పరుగే జీవితం.

రెడ్ రమ్‌ను మాత్రం రెండేళ్ల వయసులోనే ఫ్లాట్ ట్రాక్ ఎక్కించారు. మొదటి రేసు 1967 ఏప్రిల్ 7న, దూరం 5 ఫర్లాంగులు, అంటే కిలోమీటరు. ఇంకో గుర్రంతో సమానంగా గీత దాటి గెలుపును పంచుకుంది. ఆ రేసు జరిగింది ఎక్కడో కాదు, ఏన్‌ట్రీలోనే. అప్పట్లో అక్కడ ఫ్లాట్ రేసులు కూడా నడిచేవి. ఆ కాలంలో అందరికంటే పెద్ద పేరున్న ఫ్లాట్ జాకీ లెస్టర్ పిగ్గట్ కూడా ఒకసారి దీని మీద స్వారీ చేశాడు. నిమిషంలో ముగిసే పరుగుతో మొదలుపెట్టిన గుర్రం తొమ్మిది నిమిషాలు పట్టే రేసుకు మారుపేరైంది. ఇంత దూరపు రేసుకు సరిపోతుందని ఆ రోజున ఎవరూ అనుకుని ఉండరు.

అన్ని చేతులు ఎందుకు మారింది?

మూడేళ్ల వయసులో దాన్ని బ్రదర్టన్ అనే ఆవిడ కొన్నారు. ఆవిడ గుర్రం ఫ్రీబూటర్ 1950 గ్రాండ్ నేషనల్ గెలిచింది. దాన్ని తయారుచేసిన బాబీ రెంటన్ దగ్గరికే రెడ్ రమ్‌నూ పంపారు. హర్డిల్స్, ఆ తర్వాత పెద్ద కంచెలు దూకడం అక్కడే నేర్చుకుంది. రెంటన్ పెద్దవయసులో విశ్రాంతి తీసుకున్నాక ఆ లాయం బాధ్యత కొన్నాళ్లు జాకీ టామీ స్టాక్ మీద పడింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. స్టాక్ తర్వాత మరో ట్రైనర్ వచ్చాడు.

ఈలోగా గిట్ట నొప్పి బయటపడింది. గిట్ట లోపల పెడల్ బోన్ అని ఒక ఎముక ఉంటుంది. దానికి వాపు వచ్చే జబ్బును పెడల్ ఆస్టియైటిస్ అంటారు. గుర్రం బరువంతా మోసేది ఆ ఎముకే కాబట్టి పరుగెత్తే గుర్రానికి ఈ జబ్బు వస్తే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. రెడ్ రమ్ 1972 ఆగస్టులో డాంకాస్టర్ వేలానికి వచ్చింది.

అలాంటి గుర్రాన్ని కొన్నది ఎవరు?

డొనాల్డ్ మెకెయిన్ అనే ట్రైనర్. ఎర్ర జుట్టు వల్ల అందరూ జింజర్ మెకెయిన్ అనేవారు. లివర్‌పూల్‌కు ఉత్తరాన సముద్రం ఒడ్డున సౌత్‌పోర్ట్ అనే ఊరుంది. అక్కడ ఆయనకు సెకండ్‌హ్యాండ్ కార్ల షోరూమ్ ఉండేది, దాని వెనకే గుర్రాల లాయం. గుర్రాల మీద ఇల్లు గడవక టాక్సీ కూడా నడిపేవాడు.

ఆ టాక్సీ ఎక్కే వాళ్లలో నోయెల్ లె మేర్ అనే ముసలాయన ఒకరు. కింది మెట్టు నుంచి మొదలుపెట్టి నిర్మాణ రంగంలో బాగా సంపాదించారు. కుర్రతనంలో మూడు కోరికలు పెట్టుకున్నారని చెబుతారు: అందగత్తెను పెళ్లాడాలి, లక్షాధికారి కావాలి, గ్రాండ్ నేషనల్ గెలవాలి. మొదటి రెండూ తీరిపోయాయి. ఎనభై దాటాక కూడా మూడోది మిగిలిపోయింది. మెకెయిన్ ఆయన తరఫున 6,000 గినీలు పెట్టి రెడ్ రమ్‌ను పాడుకున్నాడు. దాని గిట్ట సంగతి అప్పటికి ఆయనకు తెలియదు.

సముద్రపు నీళ్లు నిజంగానే నయం చేశాయా?

సౌత్‌పోర్ట్‌లో మెకెయిన్‌కు పచ్చిక మైదానాలు లేవు. ఉన్నది సముద్రతీరం. ఆటు వచ్చినప్పుడు అక్కడ నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి, మైళ్ల పొడవున తడి ఇసుక మిగులుతుంది. ఆ ఇసుకను దున్ని చదునుచేసి గుర్రాలను దౌడు తీయించేవాడు. వాటిని అక్కడికి తీసుకెళ్లడానికి కార్లు, బస్సులు తిరిగే ఊరి రోడ్డు మీదుగా, రైల్వే గేటు దాటించి నడిపించాలి.

రెడ్ రమ్‌ను మొదటిసారి బీచ్‌కు తెచ్చి ట్రాట్, అంటే నెమ్మదైన పరుగు చేయించగానే కుంటింది. మెకెయిన్ గుండె జారిపోయి ఉంటుంది. ఆరు వేల గినీలు, అదీ ఇంకొకరి డబ్బు. దాన్ని నీళ్లలోకి తీసుకెళ్లమని స్వారీ చేస్తున్న కుర్రాడికి చెప్పాడు. కాసేపు మోకాళ్ల లోతు చల్లటి నీళ్లలో నడిచి బయటికి వచ్చాక కుంటు కనబడలేదు.

దీన్ని మహిమ అనుకోనక్కర్లేదు. వాచినచోట చల్లటి నీళ్లు పెడితే ఉపశమనం కలుగుతుందని మన ఇళ్లలో కూడా తెలుసు. పైగా తడి ఇసుక గట్టిగా పట్టునిస్తుంది, కానీ గట్టి నేలలాగా గిట్టను తిరిగి కొట్టదు. రోజూ ఉప్పునీళ్లు, రోజూ ఇసుక, ఎక్కువ చేతులు మారకుండా ఒకే లాయం. నా అభిప్రాయంలో రెడ్ రమ్‌ను నిలబెట్టింది ఈ మూడూ కలిసి. పచ్చిక కొండల మీద పెద్ద లాయం ఉన్న ఏ ధనవంతుడి దగ్గరికి వెళ్లినా దాని పేరు మనకు తెలిసేది కాదనిపిస్తుంది. ఆ సీజన్లో మెకెయిన్ చేతికి వచ్చాక మొదటి ఐదు రేసులు వరసగా గెలిచింది.

1973 రేసులో ఏం జరిగింది? ఇప్పటికీ ఎందుకంతగా చెప్పుకుంటారు?

ఎందుకంటే ఆ రోజు ఓడిన గుర్రం కూడా గెలిచినంత గొప్పగా పరుగెత్తింది.

దాని పేరు క్రిస్ప్. ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన పెద్ద, నల్లటి గుర్రం. జాకీ రిచర్డ్ పిట్‌మన్. మార్చి 31న ఏన్‌ట్రీలో నేల గట్టిగా, పొడిగా ఉంది. గ్రాండ్ నేషనల్ హ్యాండిక్యాప్ రేసు కాబట్టి మంచి గుర్రానికి ఎక్కువ బరువు కట్టి పంపుతారు. క్రిస్ప్ వీపు మీద 12 స్టోన్లు, అంటే 76 కిలోలు. రెడ్ రమ్ మీద 10 స్టోన్ల 5 పౌండ్లు, దాదాపు 66 కిలోలు. తేడా 23 పౌండ్లు. పందెంరాయుళ్లు రెండింటినీ సమానంగా 9కి 1 ధరతో ఫేవరెట్లుగా నిలబెట్టారు.

క్రిస్ప్ మొదటి రౌండులోనే ముందుకు వచ్చేసింది. ఆ భయంకరమైన కంచెలను ఆటలా దూకుతూ, మిగతావాటిని దూరం దూరం చేస్తూ పోయింది. దాని వెనక గ్రే సాంబ్రెరో అనే తెల్లగుర్రం ఉండేది. అది చెయిర్ దగ్గర పడి, దెబ్బ తీవ్రం కావడంతో ప్రాణం పోగొట్టుకుంది. రెండో రౌండులో క్రిస్ప్‌కు దగ్గరలో ఎవరూ లేరు. చాలా వెనకాల, గుంపు నుంచి విడివడి వస్తున్నది ఒక్క రెడ్ రమ్. దాని మీద బ్రయన్ ఫ్లెచర్. ఫ్లెచర్ అంతకు ముందే, 1968లో రెడ్ ఎలిగేటర్ మీద ఈ రేసు గెలిచినవాడు. ఎక్కడ కదలాలో తెలుసు.

ఆఖరి కంచె దగ్గర కూడా తేడా సుమారు 15 లెంగ్తులు ఉంది. లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు. ఇక ఆ 494 గజాలు. సగం దూరంలో ఎల్బో అని ఒక వంపు ఉంటుంది, అక్కడ గుర్రం కుడివైపుకు రావాలి. పిట్‌మన్ కొరడా ఎత్తాడు. అప్పటికే శక్తంతా అయిపోయిన క్రిస్ప్ ఎడమకు తూలింది. దాన్ని సరిదిద్దడానికి కొన్ని అడుగులు వృథా అయ్యాయి. ఆ కొరడా తన తప్పేనని పిట్‌మన్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. పాత వీడియోలో చూస్తే క్రిస్ప్ కాళ్లు ఒక్కో అడుగుకీ బరువెక్కుతున్నట్టు తెలుస్తుంది. వెనక రెడ్ రమ్ లయ మాత్రం మారలేదు. గీతకు రెండు అంగల ముందు పట్టుకుంది. ముప్పావు లెంగ్తు తేడాతో గెలిచింది.

సమయం 9 నిమిషాల 1.9 సెకన్లు. 1935 నుంచి నిలిచిన పాత రికార్డు కంటే 18 సెకన్లకు పైగా తక్కువ. క్రిస్ప్ కూడా ఆ పాత రికార్డును బద్దలుకొట్టేసింది. మూడో గుర్రం ఎల్ఎస్కార్గో వీటికి 25 లెంగ్తుల వెనక వచ్చింది. ఎల్ఎస్కార్గో అంటే సామాన్యమైనది కాదు, చెల్టన్‌హమ్ గోల్డ్ కప్ రెండుసార్లు గెలిచింది.

అంటే క్రిస్పే మంచి గుర్రమన్నమాట?

సమాన బరువుతో అయితే అవును. అదే ఏడాది నవంబరులో డాంకాస్టర్‌లో రెండూ ఒకే బరువుతో తలపడ్డాయి. క్రిస్ప్ 8 లెంగ్తులతో గెలిచింది. అందుకని రెడ్ రమ్ గెలుపు చిన్నదైపోదు. హ్యాండిక్యాప్ ఉద్దేశమే గుర్రాలను సమానం చేయడం. ఆ బరువుతో, ఆ దూరంలో, ఆ కంచెల మీద ఆఖరి గజం దాకా వదలకుండా రావడం దానికి తెలిసిన విద్య. అయినా 1973 గురించి మాట్లాడేటప్పుడు క్రిస్ప్‌ను ఓడిన గుర్రంగా మాత్రమే తలుచుకోవడం నాకు మనసొప్పదు.

1974లో మళ్లీ ఎలా గెలిచింది?

ఈసారి పై బరువు దానిదే. 12 స్టోన్లు. ఏడాది కిందట క్రిస్ప్ నడుము విరిచిన బరువు అదే. అది మోస్తూ ఎల్ఎస్కార్గోను 7 లెంగ్తుల తేడాతో ఓడించింది. "తేలిక బరువు వల్ల గెలిచింది" అన్న మాట ఆ రోజుతో ఆగిపోయింది. వరసగా రెండేళ్లు నేషనల్ గెలవడం 1935, 1936లలో రెనాల్డ్స్‌టౌన్ తర్వాత ఇదే.

మూడు వారాలకే స్కాట్లాండ్‌లోని ఏర్‌కు వెళ్లి స్కాటిష్ గ్రాండ్ నేషనల్ కూడా గెలిచింది. ఒకే సీజన్లో ఆ రెండూ గెలిచిన గుర్రం రెడ్ రమ్ ఒక్కటే. నన్నడిగితే దాని జీవితంలో అతి గొప్ప నెల అదే.

1975, 1976లలో ఓడిపోవడానికి కారణం?

1975లో నేల మెత్తబడింది. రెడ్ రమ్‌కు గట్టి నేల ఇష్టం, బురదలో దాని పరుగు సాగదు. మళ్లీ 12 స్టోన్లు. 11 పౌండ్లు తక్కువ మోసిన ఎల్ఎస్కార్గో 15 లెంగ్తులతో గెలిచింది. మూడేళ్లుగా వెంబడిస్తున్న గుర్రానికి, దాని జాకీ టామీ కార్బెరీకి న్యాయంగా దక్కిన గెలుపు అది.

ఆ తర్వాత జాకీ మారాడు. గుర్రంలో మునుపటి చురుకు లేదని ఫ్లెచర్ అనడం మెకెయిన్‌కు నచ్చలేదు. వాళ్ల మధ్య పొసగలేదు. రెండు నేషనల్స్ గెలిపించిన మనిషి అలా తప్పుకోవాల్సి రావడం బాధగానే ఉంటుంది. అతని స్థానంలో వచ్చినవాడు టామీ స్టాక్. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇతన్నే. కొన్నేళ్ల కిందట లాయంలో దాని బాగోగులు చూసినవాడే ఇప్పుడు జీను ఎక్కాడు.

1976లో రాగ్ ట్రేడ్ అనే గుర్రం 12 పౌండ్లు తక్కువ మోస్తూ రెండు లెంగ్తుల తేడాతో గెలిచింది. రెడ్ రమ్ వయసు అప్పటికి 11. ఇక చాలు, విశ్రాంతి ఇవ్వండి అన్నవాళ్లే ఎక్కువ.

మరి 12 ఏళ్ల వయసులో 1977 గెలుపు?

1976-77 సీజన్ మొదట్లో దాని పరుగు చూసి చాలామంది పెదవి విరిచారు. మెకెయిన్ మాత్రం వసంతం వచ్చి ఏన్‌ట్రీ దగ్గరపడే కొద్దీ గుర్రం మేలుకుంటుందని నమ్మాడు. ఏప్రిల్ 2న 42 గుర్రాలు బయల్దేరాయి. గోల్డ్ కప్ గెలిచి వచ్చిన డేవీ ల్యాడ్ మూడో కంచె దగ్గరే పడిపోయింది. రెండో రౌండులో ఫేవరెట్ ఆండీ పాండీ అందరికంటే చాలా ముందు ఉంది, బీచర్స్ బ్రూక్ దగ్గర దిగుతూ పడింది. అక్కడినుంచి రెడ్ రమ్ ముందుంది. చుట్టూ జాకీలు పడిపోయి వట్టిగా పరుగెత్తే గుర్రాలు. అవి ఎప్పుడు అడ్డం తిరుగుతాయో తెలియదు. వాటి పక్కనుంచే తన దారి చూసుకుంటూ వచ్చింది.

చర్చ్‌టౌన్ బాయ్ ఒక్కటే కొంతదూరం పోటీ ఇచ్చింది. ఆఖర్లో అదీ తేలిపోయింది. రెడ్ రమ్ 25 లెంగ్తుల తేడాతో గెలిచింది. 42లో గీత చేరినవి 11 మాత్రమే. బీబీసీ వ్యాఖ్యాత పీటర్ ఓసల్లివన్ ఎప్పుడూ గొంతు తడబడని మనిషి, ఆ రోజు ఎల్బో దగ్గర ఆయన గొంతులో జనం కేకలతో పాటు ఉత్సాహం పొంగింది. ఒక మహిళ గ్రాండ్ నేషనల్‌లో స్వారీ చేసింది కూడా ఆ ఏడాదే మొదటిసారి. ఆమె పేరు షార్లెట్ బ్రూ.

ఏన్‌ట్రీలో ఒక్కసారి కూడా పడలేదన్నది నిజమా?

నిజం. ఐదు నేషనల్స్, రేసుకు 30 చొప్పున 150 కంచెలు. ఒక్కటీ తప్పలేదు.

ఎలా అంటే, దూకడంలో దానికి ఆర్భాటం లేదు. కొన్ని గుర్రాలు కంచె చూడగానే దూరం నుంచే ఎగురుతాయి. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఏడు కిలోమీటర్లలో ఒక్కసారి లెక్క తప్పితే చాలు. రెడ్ రమ్ కంచె దగ్గరికి వచ్చేటప్పుడు చెవులు ముందుకు పెట్టి చూసేది. అడుగు సరిపోదనిపిస్తే చివరి రెండు మూడు అడుగులు చిన్నవి చేసుకుని, కాళ్లు సర్దుకుని దూకేది. దిగాక ఆగకుండా సాగిపోయేది. ముందు గుర్రం పడితే పక్కకు తప్పుకునేది. జాకీ చెప్పేలోపే చేసేది. నేలను, కంచెను, పక్కవాళ్లను ఒకేసారి గమనించే తెలివి అన్ని గుర్రాలకూ ఉండదు. మామూలు రేసుకోర్సుల్లో అది మంచి గుర్రం, అంతే. ఏన్‌ట్రీలో మాత్రం దానికి సాటి లేదు.

మొత్తం ఎన్ని రేసులు?

దూకే రేసులు 100, గెలిచినవి 24. ఫ్లాట్‌లో 10 పరుగెత్తి 3 గెలిచింది. అంటే నాలుగింటిలో మూడుసార్లు ఓడింది. స్టీపుల్‌చేజ్ గుర్రాల జీవితం అంతే, రికార్డు కాగితం మీద ఓటములే ఎక్కువ కనిపిస్తాయి. 1973 హెన్నెసీ గోల్డ్ కప్ అనే రేసులో వెంట్రుకవాసిలో ఓడిపోయింది.

ఎప్పుడు ఆపేసింది? తర్వాత ఏం చేసింది?

1978లో ఆరోసారి పరుగెత్తాల్సింది. రేసుకు ముందు రోజు గాయం బయటపడి తప్పించారు. గిట్టలో సన్నటి బీట అని తేలింది. అక్కడితో విశ్రాంతి.

విశ్రాంతి అన్నమాటే గానీ, అది అప్పటికే సినిమా హీరో అంత ఫేమస్. బ్లాక్‌పూల్ పట్టణంలో ఏటా పెట్టే దీపాల పండగను 1977లో ప్రారంభించింది ఈ గుర్రమే. అదే ఏడాది చివర బీబీసీ క్రీడా పురస్కారాల కార్యక్రమానికి దాన్ని స్టూడియోలోకి తెచ్చారు. దూరంగా వేరేచోట ఉన్న టామీ స్టాక్ గొంతు వినిపించగానే చెవులు నిక్కించింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు షాపులు, సభలు ప్రారంభిస్తూ, నేషనల్ రోజున ఊరేగింపులో ముందు నడుస్తూ గడిపింది. మెకెయిన్ దగ్గరే ఉంది. 1995 అక్టోబర్ 18న 30 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఏన్‌ట్రీ గెలుపు గీత పక్కనే పాతిపెట్టారు. ఏన్‌ట్రీలో దాని నిలువెత్తు కంచు విగ్రహం కూడా ఉంది.

గ్రాండ్ నేషనల్‌ను రెడ్ రమ్ కాపాడిందంటారు. ఎలా?

1970లలో ఏన్‌ట్రీ అమ్మకానికి వచ్చింది. తరతరాలుగా చూసుకున్న టోపమ్ కుటుంబం 1973లో ఒక బిల్డర్‌కు అమ్మేసింది. అక్కడ ఇళ్లు లేస్తాయని, ఇదే ఆఖరి నేషనల్ అని ఏటా పేపర్లలో వచ్చేది. టికెట్ ధరలు పెరిగి 1975లో జనం పలచబడ్డారు. తర్వాత కొన్నేళ్లు లాడ్‌బ్రోక్స్ అనే పందేల కంపెనీ రేసును నడిపింది. చివరికి ప్రజల నుంచి విరాళాలు కూడా సేకరించి 1983లో గుర్రప్పందేల సంస్థ జాకీ క్లబ్ కొనుగోలు చేసింది.

ఒక గుర్రం స్థలాన్ని కొనలేదు నిజమే. కానీ సరిగ్గా ఆ టెన్షన్ ఏళ్లలోనే సామాన్య జనం ఈ రేసును తమదిగా భావించడానికి రెడ్ రమ్ కారణమైంది. షోరూమ్ వెనక లాయం, టాక్సీ నడిపే ట్రైనర్, కాలు నొప్పి ఉన్న గుర్రం. అది ధనవంతుల కథ కాదు. విరాళం అడిగినప్పుడు జేబులో చెయ్యి పెట్టినవాళ్లలో చాలామందికి మనసులో మెదిలింది అదే అయి ఉంటుంది.

ఈ రేసుల్లో గుర్రాలు చనిపోతాయి కదా? దీన్ని మెచ్చుకోవడం సబబేనా?

చనిపోతాయి. గ్రే సాంబ్రెరో పేరు అందుకే రాశాను. 2012లో రెండు గుర్రాలు పోయాయి, వాటిలో సింక్రనైజ్డ్ అప్పుడే గోల్డ్ కప్ గెలిచి వచ్చింది. దాని తర్వాత కంచెల లోపలి కలప తీసేసి మెత్తటి ప్లాస్టిక్ అమర్చారు. బీచర్స్ బ్రూక్ దగ్గర పల్లం ఎన్నోసార్లు పూడ్చారు. 2024 నుంచి 40 గుర్రాలకు బదులు 34నే అనుమతిస్తున్నారు, మొదటి కంచెను రేసు మొదలయ్యే చోటుకు దగ్గరగా జరిపారు, అక్కడికి చేరేలోపు వేగం పెరగకుండా. ఇవి అవసరమైన మార్పులు, ముందే జరగాల్సింది. పాత రోజుల్లా లేదని బాధపడేవాళ్లతో నేను ఏకీభవించను. అసలు వద్దేవద్దు అనేవాళ్ల మాటను తీసిపారేయను కూడా. గుర్రాన్ని ప్రేమించేవాడు ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేడు.

తర్వాత ఎవరైనా దాని దరిదాపుకు వచ్చారా?

టైగర్ రోల్. 2018, 2019లో వరసగా గెలిచింది. రెడ్ రమ్ తర్వాత అలా రెండేళ్లు గెలిచిన మొదటి గుర్రం. 2020లో కరోనా వల్ల రేసే జరగలేదు, మూడో ప్రయత్నానికి అవకాశం పోయింది. రెడ్ రమ్ సమయం రికార్డును 1990లో మిస్టర్ ఫ్రిస్క్ 8 నిమిషాల 47.8 సెకన్లతో దాటింది. మూడు గెలుపుల రికార్డు మాత్రం అలాగే ఉంది.

మెకెయిన్ 2004లో ఆంబర్లీ హౌస్‌తో నాలుగోసారి ట్రైనర్‌గా గెలిచాడు. 2011లో ఆయన కొడుకు బల్లాబ్రిగ్స్‌తో గెలిచాడు. అదే ఏడాది జింజర్ మెకెయిన్ చనిపోయాడు.

పాత వీడియోల్లో ముందు ఏది చూడాలి?

అందరూ 1977 చూడమంటారు. నేను మాత్రం 1973తో మొదలుపెట్టమంటాను, అదీ మొదటినుంచి, ఆఖరి నిమిషం ఒక్కటే కాకుండా. మొదటిసారి క్రిస్ప్ మీదే కన్నుంచి చూడండి. రెండోసారి చూసేటప్పుడు వెనక గుంపులో రెడ్ రమ్ ఎక్కడుందో వెతకండి, ఫ్లెచర్ చేతులు ఎంత నిశ్చలంగా ఉన్నాయో గమనించండి. తర్వాత 1974 చూడండి, 12 స్టోన్ల బరువుతో కంచెల దగ్గర ఎలా అడుగు సర్దుకుంటుందో బాగా కనిపిస్తుంది. 1977 ఆ తర్వాత చూస్తే, అప్పటికి ఆ గుర్రం మీకు పరిచయమై ఉంటుంది కాబట్టి, జనం ఎందుకంత కేకలు పెడుతున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు.